పంట ముందు, ఊరు తర్వాత: బెంగళూరు నుంచి ఇద్దరి రుచుల ప్రయాణాలు

మా వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు నిండా పెన్సిలు గుర్తులే. కార్తీకమాసం చివరి సోమవారం చుట్టూ ఒక సున్నా. పుష్యమాసం పొడవునా సన్నని గీత. మే నెల చివర మామిడాకు బొమ్మ. ఆగస్టు మూడో తేదీ పక్కన చిన్న కొండ. సెలవు కావాలంటే మా ఆయన ముందు ఆ గుర్తులు చూసి, తర్వాతే ఆఫీసులో అడుగుతారు. హనుమంతనగర్‌లో కాపురం పెట్టి పదిహేడేళ్లయింది. ఈ పదిహేడేళ్లలో మేమిద్దరం చేసిన ప్రయాణాల్లో మనసులో నిలిచినవన్నీ ఆ గుర్తులను పట్టుకుని వెళ్లినవే.

మా మేనకోడలికి కిందటి మాఘంలో పెళ్లయింది. వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు. "అత్తా, ఆదివారం వస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియదు, ఎక్కడికి వెళ్లినా అదే తిండి" అని బాధపడింది. ఆమె కోసం రాయడం మొదలుపెట్టాను. ఈ ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు దంపతులు ఎవరికైనా ఇది పనికొస్తుంది.

చాలామంది ముందు ఊరు ఎంచుకుంటారు. అక్కడికి చేరాక పేరున్న హోటలు ఏదని వెతుకుతారు. మేము ముందు పంటను చూస్తాం. ఈ నెలలో ఏది కోతకు వచ్చింది, అది ఏ సంతకు చేరుతుంది అని తెలుసుకుంటే చాలు, ఊరు దానంతట అదే తేలుతుంది. హోటలు ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది. పంట నాలుగు వారాలుండి వెళ్లిపోతుంది. దాన్ని అందుకోవడానికి బయలుదేరినప్పుడు ప్రయాణానికి ఒక పని ఏర్పడుతుంది, పని ఉన్న ప్రయాణంలో ఇద్దరి మధ్య మాటలు కూడా కరువుకావు.

ఏ పంట ఎప్పుడో తెలుసుకోవడానికి పుస్తకాలు అక్కరలేదు. గాంధీబజారులోనో, మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులోనో ఒక కూరగాయల ఆమెతో పరిచయం పెంచుకోండి. ప్రతిసారీ ఆమె దగ్గరే కొనండి. "ఇది ఏ ఊరి నుంచి వచ్చింది? ఇంకెన్నాళ్లు వస్తుంది?" అన్న రెండు ప్రశ్నలు అడగండి. మొదటి జవాబు మీరు ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది, రెండోది ఎప్పుడు వెళ్లాలో చెబుతుంది. కన్నడం రాకపోయినా భయపడకండి. ఈ ఊళ్లో కూరగాయలమ్మే వారిలో చాలామందికి తెలుగు వచ్చు.

అనపకాయతో మొదలుపెట్టండి

మాది మదనపల్లె. ఆయనది అమలాపురం దగ్గర పల్లె. పెళ్లయిన మొదటి చలికాలంలో "ఆదివారం అనపకాయలు తెచ్చుకుందామండీ" అన్నాను. ఆయన సంచి పట్టుకుని వెళ్లి రెండు లేత సొరకాయలు తెచ్చారు. కోనసీమలో ఆనపకాయ అంటే సొరకాయే మరి. మా వైపు అనపకాయ అంటే గింజచిక్కుడు, కన్నడంవాళ్ల అవరెకాయి. ఒక్క దీర్ఘం తేడాతో రెండు వేరువేరు కూరలు. ఆ రోజు సొరకాయ పాలుపోసిన కూర చేశాను, ఆయనకు ఎంతో నచ్చింది. మరుసటి ఆదివారం ఆయనను వెంటబెట్టుకుని బజారుకు వెళ్లి, అనపకాయ అంటే ఏమిటో చూపించాను. మా పెన్సిలు గుర్తుల్లో మొదటిది అదే.

డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకూ అనపకాయ కాలం. బెంగళూరులో దీనికి పెద్ద పండుగే జరుగుతుంది. విశ్వేశ్వరపురంలో సజ్జన్‌రావు సర్కిల్ పక్కన 'తిండి బీది' అనే వీధి ఉంది. జనవరి వచ్చిందంటే అక్కడ అవరె మేళా పేరుతో ఈ గింజతో చేయగలిగినవన్నీ చేసి అమ్మేవారు. ఈమధ్య ఏళ్లలో నేషనల్ కాలేజీ మైదానంలో కూడా జరుగుతోంది కనుక బయలుదేరేముందు ఈసారి ఎక్కడో అడిగి తెలుసుకోండి. ఎక్కడైనా సరే, గ్రీన్ లైన్ మెట్రోలో నేషనల్ కాలేజీ స్టేషనులో దిగితే నడిచే దూరమే.

అక్కడ తినే పద్ధతి ఒకటుంది. శని ఆదివారాలు వద్దు, నిలబడటానికే చోటు దొరకదు. మంగళ, బుధవారాల్లో సాయంత్రం అయిదున్నరకల్లా చేరండి. మధ్యాహ్నం భోజనం తేలికగా ముగించండి. ఏది కొన్నా ఒకే ప్లేటు కొని ఇద్దరూ పంచుకోండి. మొదట గింజలు పొదిగిన అక్కిరొట్టె తినండి. బియ్యప్పిండిలో ఉడికిన గింజ మెత్తగా, పిండి అంచు కరకరలాడుతూ ఉంటుంది. అనపగింజ అసలు రుచి అందులోనే తెలుస్తుంది. తర్వాత దోసె. చివరికి హోళిగె, అంటే మన బొబ్బట్టు. జిలేబీ కూడా చేస్తారు. ఒకసారి రుచి చూడవచ్చు కానీ చక్కెర పాకంలో గింజ వాసన నిలవదు, నా మాట నమ్మి కడుపులో ఆ చోటు ఇంకో అక్కిరొట్టెకు ఉంచుకోండి.

మేళా రుచి చూడటానికే. కాయలు కొనడానికి మాత్రం మాగడికి వెళ్లాలి. బెంగళూరుకు పడమరగా యాభై కిలోమీటర్ల దూరం. మాగడి అనపకాయకు పేరు తెచ్చింది దాని వాసన. ఆ వాసనను అక్కడివాళ్లు 'సొగడు' అంటారు. రాత్రి మంచు బాగా పడితేనే కాయకు సొగడు పడుతుందని రైతుల నమ్మకం. తెల్లవారుజామున అయిదు గంటల బస్సుకు వెళ్లి, మంచు విడవకముందే సంతలో నిలబడి చూడండి. కుప్పలో చెయ్యి పెట్టి తీస్తే అరచేతికి నూనెలాంటి జిగురు అంటుకుంటుంది, ఆ వాసన సాయంత్రం దాకా వదలదు. కొనేటప్పుడు చూడాల్సిందీ అదే. కాయ ఎండినట్టు కాక కాస్త జిగటగా ఉండాలి, గింజ ఉబ్బు పైకి కనిపించాలి, రంగు పచ్చగానే ఉండాలి. తొక్క పసుపు తిరిగితే గింజ ముదిరినట్టే. చిన్న రంధ్రం ఉన్న కాయను పక్కన పెట్టండి, లోపల పురుగు ఉంటుంది. మా ఇంటి లెక్కలో మూడు కిలోల కాయలు ఒలిస్తే కిలో గింజలు వస్తాయి. ఇద్దరికి ఒక వారానికి అది సరిపోతుంది.

ఇక పితికిపప్పు. ఇది తెలియని ఇంట్లో చలికాలం వృథాగా పోయిందనే నా అభిప్రాయం. ఒలిచిన గింజలను రాత్రి నీళ్లలో నానబెట్టండి. ఉదయానికి పైతోలు వదులవుతుంది. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కన్ను ఉన్న వైపు కాకుండా రెండో వైపు నుంచి నొక్కితే లోపలి పప్పు జారి బయటికి దూకుతుంది. అలా పితికేది కనుకనే పితికిపప్పు. కన్నడంలో హితికిద బేళె. ఒక్కరే కూర్చుని కిలో పితకాలంటే విసుగు. ఇద్దరు కూర్చుంటే గంట కూడా పట్టదు. మధ్యలో ఒక వెడల్పాటి గిన్నె, తోలు వేయడానికి ఒక పళ్లెం పెట్టుకోండి. గిన్నె అంచుకు దగ్గరగా పితకండి, లేకపోతే పప్పు గది చివరి దాకా ఎగిరిపోతుంది. మా ఆయన మొదటి ఏడాది గింజకో ప్రశ్న అడిగేవారు, ఇప్పుడు నాకంటే వేగంగా పితుకుతారు. ఫోనులో మాట్లాడకుండా ఆయనతో వరుసగా గంటసేపు కబుర్లు చెప్పుకునే రోజులు ఏడాదిలో అవే ఎక్కువ.

కూరకు అయిదారు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, చిన్న దాల్చినచెక్క, రెండు లవంగాలు వేయించుకోవాలి. వాటిలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అల్లం ముక్క, గుప్పెడు పచ్చికొబ్బరి కలిపి మెత్తగా నూరుకోవాలి. ఆవాలు, కరివేపాకు పోపు పెట్టి, ఉల్లిపాయ, టమాటా మగ్గించి, నూరిన ముద్ద పచ్చివాసన పోయేదాకా వేయించాలి. పప్పు మునిగేటన్ని నీళ్లు పోసి, ఉడుకు పట్టాక పప్పు వేయండి. కుక్కరు వద్దు. తెరిచిన గిన్నెలో పది, పదిహేను నిమిషాలు చాలు. పప్పు ఆకారం చెదరకూడదు, వేళ్ల మధ్య నలిపితే మాత్రం వెన్నలా నలగాలి. రాగిసంగటితో తింటే దీనికి సాటి లేదు. దోసెతో కూడా బాగుంటుంది. మా ఆయన వేడన్నంలో నెయ్యి వేసి కలుపుకుంటారు, కోనసీమ అలవాటు.

ఇంటి పక్కనే తిరుణాల

కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె జరుగుతుంది. పరిషె అంటే మన తిరుణాల. పదహారో శతాబ్దంలో కెంపేగౌడ కట్టించిన దొడ్డ బసవన్న గుడి చుట్టూ వీధులన్నీ వేరుశనగకాయల కుప్పలతో నిండిపోతాయి. పూర్వం ఇక్కడ సుంకేనహళ్లి, గవిపుర, మావళ్లి, దాసరహళ్లి అనే పల్లెలుండేవి. ఒక బసవడు వచ్చి వేరుశనగ పంటనంతా మేసిపోతుంటే, మొదటి పంట నీకే సమర్పిస్తామని రైతులు మొక్కుకున్నారని కథ. పల్లెలు పోయి నగరం వచ్చింది, రైతులు మాత్రం మొదటి కాయలు తేవడం ఆపలేదు. మన చిత్తూరు, అనంతపురం వైపు నుంచి కూడా బస్తాలు వస్తాయి. మా ఊరి యాస వినబడితే నేను అక్కడే ఆగిపోతాను.

సోమవారం సాయంత్రం తొక్కిడి ఎక్కువ. మేము ఆదివారం రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి నడిచి వస్తాం, లారీల నుంచి బస్తాలు దిగుతుంటాయి. మళ్లీ సోమవారం ఉదయం ఆరు గంటలకు గుడికి వెళ్లి దండం పెట్టుకుని, అప్పుడు కొంటాం. కాయలను సేరు కొలతలో అమ్ముతారు. కొనేముందు ఒక కాయ పగలగొట్టి, గింజను కాదు, చిప్ప లోపలి వైపు చూడండి. అక్కడ ముదురు గోధుమరంగు మరకలుంటే కాయ బాగా ఊరినట్టు. తెల్లగా ఉంటే తొందరపడి పీకినట్టు, గింజ చప్పగా ఉంటుంది. ఉడకబెట్టుకోవడానికి అయితే చెవి దగ్గర ఊపితే చప్పుడు రాని పచ్చికాయలు కావాలి. వేయించుకోవడానికి గలగలమనేవి తీసుకోండి.

మట్టి పోయేదాకా నాలుగు నీళ్లలో కడగండి. కుక్కరులో కాయలు మునిగేటన్ని నీళ్లు పోసి, ఉప్పు మామూలుగా అనిపించేదానికంటే ఒక చెంచా ఎక్కువ వేయండి, చిప్ప దాటి లోపలికి వెళ్లాలి కదా. నాలుగు కూతలు వచ్చాక దించి, ఆ నీళ్లలోనే అరగంట వదిలేయండి. చాలామంది వెంటనే వంచేస్తారు, అందుకే గింజకు ఉప్పు పట్టదు.

రైలు కిటికీ దగ్గర

మైసూరు రైలుమార్గంలో మద్దూరు వస్తుంది, బెంగళూరు నుంచి దాదాపు ఎనభై కిలోమీటర్లు. బియ్యప్పిండి, రవ్వ, మైదా, సన్నగా తరిగిన ఉల్లిపాయలు కలిపి పలుచగా తట్టి వేయించే మద్దూరు వడ ఈ స్టేషనులోనే 1917లో పుట్టిందని చెబుతారు. రైలు త్వరగా వచ్చేయడంతో పకోడీలకు వ్యవధి లేక పిండిని అదిమి వేయించారట. కారులో వెళ్లి హోటలులో కూర్చుని తింటే దానిలో సగం రుచి పోతుంది. పగటి రైలులో, కిటికీ పక్కన, జల్లు కొట్టే జూలై ఉదయం తినాలి. తినగానే నీళ్లు తాగకుండా, రెండు స్టేషన్ల తర్వాత కాఫీ తాగండి.

అదే మార్గంలో మండ్య చుట్టుపక్కల చెరుకు తోటల మధ్య బెల్లం వండే ఆలెమనెలు ఉంటాయి. పొగగొట్టం చూసి లోపలికి వెళ్లి, పెద్దవాళ్లను పలకరించి అడిగితే చూడనిస్తారు. కాగుతున్న పాకాన్ని చెక్కపలక మీద కొద్దిగా పోసి ఇచ్చే వేడి బెల్లం తినడానికి చలికాలమే మంచిది. కొనేటప్పుడు లేత పసుపు రంగు బెల్లం వైపు వెళ్లకండి. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతుంటారు. ముదురు గోధుమరంగు దిమ్మ చూపుకు అందంగా లేకపోయినా బొబ్బట్టుకు అదే సరైనది.

సంక్రాంతికి ఇక్కడ ఇంటింటా పంచే ఎళ్లుబెల్ల గురించి వేరే చెప్పనక్కరలేదు, పక్కింటివాళ్లే తెచ్చిస్తారు. మీరు కూడా నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగ, పుట్నాలపప్పు కలిపి తిరిగి ఇవ్వండి. శ్రీరామనవమి నాడు బసవనగుడి, చామరాజపేట వీధుల్లో నడిస్తే అడుగడుగునా పానకం, మజ్జిగ, నానబెట్టిన పెసరపప్పుతో చేసే కోసంబరి పంచుతారు. ఇంటి నుంచి రెండు స్టీలు గ్లాసులు తీసుకువెళ్లడం తప్ప ఆ రోజు ఇంకే ఏర్పాటూ అక్కరలేదు.

మామిడి కోసం రెండుసార్లు

మామిడి దగ్గర మా ఇద్దరికీ ఎప్పుడూ వాదమే. ఆయనకు పెద్దరసం, చెరుకురసం, కొత్తపల్లి కొబ్బరి తప్ప మిగతావి పండ్లే కావు. నాకు బంగినపల్లి. ఈ వాదాన్ని పక్కన పెట్టించింది రసపురి. పాత మైసూరు ప్రాంతపు పండు. పీచు తక్కువ, తొక్క పలుచన, రసం ఎక్కువ. దానితో చేసే సీకరణె అంటే పండు గుజ్జు, పాలు, కాస్త బెల్లం లేక చక్కెర, యాలకుల పొడి, అంతే. దాన్ని బొబ్బట్టు మీద పోసుకుని తిన్న రోజు ఆయన ఏమీ మాట్లాడలేదు, ఇంకో బొబ్బట్టు వేయమని పళ్లెం ముందుకు జరిపారు.

పేర్ల విషయంలో జాగ్రత్త. ఇక్కడ బాదామి అంటే ఆల్ఫాన్సో. గిణిమూతి అన్నా తోతాపురి అన్నా ఒకటే. దాన్నే మా చిత్తూరు వైపు బెంగళూరా అంటారు, కోస్తాలో కలెక్టరు కాయ అంటారు. బెంగళూరు బజారులో నిలబడి బెంగళూరా కావాలని అడిగితే అమ్మేవాళ్లు అయోమయంగా చూస్తారు.

రామనగర వైపు కాయ ముందుగా వస్తుంది, ఏప్రిల్‌లో వెళ్లవచ్చు. కోలారు జిల్లా శ్రీనివాసపురలో జూన్ నెల అసలు సందడి. కోలారు దాటి ఇంకొంచెం వెళితే రోడ్డుకు రెండు వైపులా తోటలే. ఆ ఊళ్లో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. రోడ్డు పక్క దుకాణం దగ్గర ఆగిపోకండి, తోట దగ్గర కాపలా ఉన్నవారిని అడగండి. అంత దూరం వెళ్లలేకపోతే లాల్‌బాగ్‌లో వేసవిలో జరిగే మామిడి మేళాలో రైతులే నేరుగా అమ్ముతారు.

పండు కొనకండి, ఊరిన కాయ కొనండి. తొడిమ దగ్గర భుజాలు తొడిమ కంటే పైకి ఉబ్బి ఉండాలి. అనుమానం ఉంటే బకెట్టు నీళ్లలో వేసి చూడండి, ఊరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. రంగు అన్ని వైపులా ఒకేలా పసుపుగా ఉండి, వాసన లేకపోతే కార్బైడుతో మాగబెట్టినదేమోనని అనుమానించాలి. అలా మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది, అయినా కొన్నిచోట్ల ఆగలేదు.

ఒక ఏడాది ఆశకొద్దీ పాతిక కిలోల రసపురి కొని, గోనెసంచిలో పోసి బస్సు కింద సామాన్ల అరలో పెట్టాం. ఇల్లు చేరి సంచి విప్పితే అడుగున ఉన్న కాయలన్నీ వేడికి కమిలి, బరువుకు నలిగిపోయాయి. సగం పారేయాల్సి వచ్చింది. ఒక రైతు ఏడాది కష్టం చెత్తబుట్టలో పోసినట్టయింది, ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సహించలేదు. అప్పటి నుంచి అట్టపెట్టెలు రెండు వెంట తీసుకెళతాం. అడుగున ఎండుగడ్డి, ఒక వరుస కాయలు, మళ్లీ గడ్డి. పెట్టెకు ఆరు కిలోలు మించనివ్వం. పెట్టె మన పక్క సీటులోనో, ఒళ్లోనో ఉండాలి. ఇంట్లో గాలి ఆడే మూల గడ్డి మీద పరిచి, రోజూ ఒకసారి తిప్పి చూడండి. అయిదారు రోజుల్లో ఒక్కొక్కటిగా మాగుతాయి. మాగకముందు ఫ్రిజ్‌లో పెడితే ఆ పండుకు ఇక రుచి రాదు. తినేముందు గంటసేపు నీళ్లలో వేయండి, తొడిమ దగ్గరి జీడి పోతుంది.

మా ఆయనకు ఆరేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. డాక్టరు పూర్తిగా మానమనలేదు, కొలత పెట్టుకోమన్నారు. అందుకని రోజుకు ఒక చెంప, అదీ ఉదయం నడక తర్వాత, అన్నంతో కాకుండా విడిగా తింటారు. నేనూ అంతే తింటాను. ఒకరు తింటుంటే ఇంకొకరు చూడటం మా ఇంట్లో లేదు.

వర్షంలో కొడగు

ఇది ఏడాదికొకసారి, రెండు రాత్రుల ప్రయాణం. కొడగు (కూర్గ్) జిల్లా కేంద్రం మడికేరి దాదాపు 260 కిలోమీటర్లు. కొడగు జిల్లాలో రైలు లేదు, మైసూరు రోడ్డు శాటిలైట్ బస్ స్టాండు నుంచి రాత్రి బస్సు ఎక్కాలి. జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి వరకూ కొడవల, అంటే కొడగు ప్రాంతపు వాళ్ల, 'కక్కడ' మాసం. అందులో పద్దెనిమిదో రోజు, ఆగస్టు మూడో తేదీ ప్రాంతంలో, అడవిలో పెరిగే 'మద్దు' ఆకును మరిగించిన నీళ్లతో పాయసం చేస్తారు. ఆ రోజుకు ఆకులో పద్దెనిమిది ఔషధ గుణాలు చేరుతాయని వాళ్ల నమ్మకం.

మేము దిగిన ఇంటి పెద్దామె తెల్లవారకముందే ఆ ఆకు కాడలను కడవలో మరిగించింది. నీళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఇల్లంతా ఒక పచ్చిమందు వాసన. అందులో బియ్యం ఉడికించి, బెల్లం, కొబ్బరి వేసి, పైన నెయ్యి, తేనె పోసి ఇచ్చింది. మొదటి ముద్ద వింతగా ఉంటుంది, మూడో ముద్దకు నాలుక ఒప్పుకుంటుంది. ఒక్క మాట ముందే తెలుసుకోండి: మరుసటి రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. అది ఆకు రంగే, రక్తం కాదు. ఈ సంగతి తెలియక మా ఆయన ఆ ఉదయం చాలా కంగారుపడ్డారు, పెద్దామె భుజం తట్టి ధైర్యం చెప్పేదాకా నాకూ ప్రాణం కుదుటపడలేదు.

ఆ కాలంలోనే వెదురు మొలకల కూర, బియ్యం నూకతో చేసే ఉండ్రాళ్లలాంటి కడంబుట్టు దొరుకుతాయి. వెదురు మొలకలు ఎంత లేతగా కనిపించినా కొని తెచ్చి నేరుగా వండకండి. పచ్చిగా వాటిలో విషం ఉంటుంది. ముక్కలు కోసి, రోజూ నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టి, ఉడికించి ఆ నీళ్లు వంపేశాకే వండాలి. అడవి పుట్టగొడుగుల జోలికి మాత్రం వెళ్లవద్దు, స్థానికులు వండి పెడితేనే తినండి. వానల గురించి కూడా అజాగ్రత్త పనికిరాదు. 2018 ఆగస్టులో కొడగులో కొండచరియలు విరిగిపడి ఊళ్లకు ఊళ్లు దెబ్బతిన్నాయి. హెచ్చరిక ఉంటే ఆ ఏడు ప్రయాణం మానేయండి. మేము రెండుసార్లు మానుకున్నాం.

సంచిలో ఏముండాలి

చిన్న చాకు, రెండు స్టీలు డబ్బాలు, ఉప్పు పొట్లం, పాత పంచె ముక్క, మూడు గుడ్డసంచులు. వానాకాలంలో జలగలకు ఆ ఉప్పే పనికొస్తుంది. మందులు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. చిల్లర నోట్లు ఉంచుకోండి, సంతలో పెద్దనోటు తీస్తే మాట తెగిపోతుంది. తోటలో, పొలంలో, ఇంట్లో ఎవరైనా వండటం చూపిస్తే డబ్బు ఇవ్వబోవడం కంటే వాళ్ల పంటలో రెండు కిలోలు ఎక్కువ కొనడం మర్యాదగా ఉంటుంది. మీ వైపు నుంచి కూడా ఏదో ఒకటి పట్టుకెళ్లండి. మేము కొడగు ఇంటికి పూతరేకులు తీసుకెళ్లాం. వాటిని మడత విప్పి చూసి, ఇది కాగితమా అని పెద్దామె అడిగింది. ఆ కాగితం బియ్యంతోనే చేస్తారని చెబితే చాలాసేపు నమ్మలేదు.

ప్రయాణం చేయలేని పెద్దవాళ్లకు ఆ రుచి ఎలా పంపాలో కూడా చెప్పి ముగిస్తాను. అత్తయ్యకు డెబ్భై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పి. బెంగళూరు రాలేరు. అందుకని ప్రతి జనవరిలో పితికిపప్పు మేమే తీసుకెళతాం. పితికిన పప్పును తడి ఆరేలా గుడ్డ మీద గంటసేపు పరచాలి. పలుచగా సర్ది, రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో గట్టిపరచాలి. స్టీలు డబ్బాలో నింపి, నాలుగు మడతల న్యూస్‌పేపరు, పైన తువ్వాలు చుట్టాలి. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రిలో దిగి, అక్కడి నుంచి బస్సులో అమలాపురం చేరేసరికి కూడా డబ్బా చల్లగానే ఉంటుంది. చేరగానే వండేయాలి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మొదటిసారి అత్తయ్య మూత తీసి, ఒక పప్పును వేళ్ల మధ్య తిప్పి చూసి, "చిక్కుడుగింజకు చొక్కా విప్పి తెచ్చావా అమ్మాయ్!" అన్నారు. నేను చెప్పిన మసాలా ఏదీ వేయనివ్వలేదు. కొబ్బరిపాలు పిండి, పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, తన పద్ధతిలో వండారు. ఇప్పుడు మా ఇంట్లో పితికిపప్పు వారానికి రెండుసార్లు చేస్తే, ఒకసారి మదనపల్లెది, ఒకసారి అమలాపురానిది.